ఈసారి విహారయాత్ర పూల దగ్గరికి



సంక్రాంతి సెలవులు అయిపోయి అందరం హాస్టలుకి తిరిగి చేరాం. అప్పట్నుంచి ఎవరి నోట విన్నా ఒకటే మాట, "ఈ సంవత్సరం విహారయాత్ర యాడికి?" అని. కొందరు మైపాడు సముద్రం అంటున్నారు. కొందరు తిరుపతి జూ అంటున్నారు. శ్రీహరికోట అనేవాళ్ళు కూడా ఉన్నారు. మొన్న రాత్రి భోజనాల దగ్గర నేను "పూలు చూడ్డానికి పోదాం" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. "పూలు చూసేదానికి బస్సెందుకురా? గేటు దగ్గర గన్నేరు చెట్టు ఉంది గదా, పోయి చూసుకో" అని ఒక మిత్రుడు అన్నాడు.

నవ్వితే నవ్వారు గానీ నా మాట పూర్తిగా ఎవరూ వినలేదు. అందుకని గోడపత్రికలో రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో ఎవరూ ఆపలేరు గదా! చివరిదాకా చదివి, ఆ తర్వాత నవ్వాలనిపిస్తే నవ్వండి.

పూల కోసం ప్రయాణం చేసేవాళ్ళు ఉన్నారా?

ఉన్నారు. జపాన్ దేశంలో వసంతకాలం వస్తే జనం కుటుంబాలతో సహా సకురా చెట్ల కిందకి పోయి, చాపలు పరుచుకుని, తెచ్చుకున్న అన్నం అక్కడే తింటారు. దానికి హనమి అని పేరు. పూలు చూడడం అని అర్థం. ఆ పూలు ముందు దక్షిణాన వెచ్చగా ఉండే ఊళ్ళలో పూసి, తర్వాత ఒక్కో ఊరూ దాటుకుంటూ ఉత్తరానికి పోతాయి. ఏ ఊళ్ళో ఏ రోజుకి పూస్తాయో మనకి వాన కబురు చెప్పినట్టు అక్కడ వార్తల్లో ముందుగానే చెప్తారు. విచ్చుకున్న పూలు వారం పది రోజుల కంటే నిలవవు. ఆ వారం తప్పితే మళ్ళీ సంవత్సరం ఆగాల్సిందే.

కేరళ రాష్ట్రంలో మున్నార్ కొండల మీద నీలకురింజి అనే పొద ఉంది. అది 12 ఏళ్ళకి ఒక్కసారి పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది. మళ్ళీ 2030లో పూయాలి. 2018లో చూడాలని ఎంతోమంది సిద్ధమయ్యారు. సరిగ్గా ఆ ఆగస్టులోనే కేరళలో పెద్ద వరదలు వచ్చి చాలామంది ప్రయాణాలు ఆగిపోయాయి. పువ్వు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.

అంత దూరం ఎందుకు? మన రాష్ట్రంలోనే అరకులో గిరిజనులు వలిసెలు వేస్తారు. నూనె గింజల పంట అది. నవంబరు వచ్చేసరికి చేలన్నీ పసుపు ముద్ద అయిపోతాయి. వాటిని చూడ్డానికి విశాఖపట్నం నుంచి జనం కార్లేసుకుని పోతారు. అడవి బిడ్డలు తిండి కోసం వేసుకున్న పంట పట్నం వాళ్ళకి విహారయాత్ర అయింది. మరి మన అడవి పూలు మనకి విహారయాత్ర ఎందుకు కాకూడదు?

మనకి దగ్గర్లో ఏముంది?

పెన్నకి ఉత్తరాన మన కోవూరు. ఎటు చూసినా వరి చేలు, కాలవలు, కొబ్బరి చెట్లు, పడుగుపాడు రైలు కట్ట. ఇక్కడ అడవి లేదు. కానీ పడమటి దిక్కుకి పోతే వెలిగొండలు ఉన్నాయి. నెల్లూరు దాటి, పొదలకూరు, రాపూరు మీదుగా గోనుపల్లి దాకా పోతే పెంచలకోన వస్తుంది. ఇక్కడినుంచి సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ పెనుశిల నరసింహస్వామి గుడి ఉంది. స్వామి చెంచులక్ష్మిని, అంటే అడవి ఆడబిడ్డని, పెళ్ళి చేసుకున్నాడని కథ చెప్తారు. గుడి వెనక కొండలు, కొండల నిండా చెట్లు. 1997లో ఆ అడవిని పెనుశిల నరసింహ అభయారణ్యం అని ప్రకటించారు. దాని వైశాల్యం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే.

మీలో చాలామంది మొక్కుబడికి పెంచలకోన పోయి ఉంటారు. అయితే ఎక్కువమంది పోయేది వైశాఖ మాసం బ్రహ్మోత్సవాలకి. అప్పటికి నేను చెప్పే పూలు చాలావరకు రాలిపోయి ఉంటాయి. కొండకి పోయినా కొండని చూడకుండా వచ్చినట్టే.

వెలిగొండల అడవి ఆకు రాల్చే అడవి. నీళ్ళు తక్కువయ్యే కాలంలో ఆ చెట్లు ఆకులు రాల్చేసుకుని ఉన్న తడిని దాచుకుంటాయి. ఎండిపోయిన కట్టెల్లాగా నిలబడి ఉంటాయి. సరిగ్గా అప్పుడే పూస్తాయి! ఎందుకట్లా అని సైన్స్ సార్ని అడిగాను. ఆకులు అడ్డం లేకపోతే పూలు పక్షులకీ తేనెటీగలకీ దూరాన్నుంచే కనిపిస్తాయని, ఇప్పుడు పూస్తేనే కాయ ముదిరి గింజ రాలే వేళకి వానలు అందుకుంటాయని సార్ చెప్పారు. అంటే ఆ చెట్టు వాన రావడానికి మూడు నాలుగు నెలల ముందే లెక్క వేసుకుంటుందన్న మాట.

అవ్వ చెప్పిన లెక్క

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మా అవ్వని అడిగాను. అవ్వకి చదువు రాదు. చిన్నతనంలో వాళ్ళ నాయనతో కలిసి తేనెకీ, వేర్లకీ, కలివిపండ్లకీ రాపూరు అడవుల్లో తిరిగిన మనిషి.

"అవ్వా, కోనలో పూలు ఎప్పుడు పూస్తాయి?" అన్నాను.

"ఏ పూలు అబ్బయ్యా? అన్నీ ఒకపాలే పూస్తాయా ఏంది?" అనింది అవ్వ. ఆమె చెప్పింది చెప్పినట్టు నోట్సులో రాసుకున్నాను.

ముందర ఊడుగ పూస్తుంది. తెల్లటి పూలు, మంచి వాసన, చెట్టు మీద ఆకు ఉండదు. దాని వెనకాలే బూరుగ. అరచెయ్యంత ఎర్రపూలు. కింద పడితే దబ్బుమని చప్పుడు వస్తుంది. ఆ తర్వాత మోదుగ. చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు ఉంటుంది. అదే వేళకి రాళ్ళ సందుల్లో కొండగోగు పూస్తుంది. వంకర టింకర కొమ్మల చివర పసుపు పచ్చటి పెద్ద పూలు. ఉగాదికి వేప, కానుగ. ఎండలు ముదిరాక రేల చెట్టుకి పసుపు గుత్తులు వేలాడతాయి. ఎర్రచందనం పూలు కూడా ఎండల్లోనే. పేరు ఎర్రచందనం గానీ పువ్వు మాత్రం పసుపు. ఆ సంగతి మీలో ఎందరికి తెలుసు?

"తేదీ చెప్పవ్వా" అంటే అవ్వ నవ్వింది. "మాకు తేదీ యాడిదయ్యా? మోదుగ మొగ్గ నల్లంగా ఉండాది, చేత్తో పట్టుకుంటే పిల్లి బొచ్చు మాదిరి మెత్తంగా ఉండాది. ఆ మొగ్గ పగిలి ఎరుపు కనపడిందంటే ఇంక పది దినాల్లో చెట్టంతా మండిపోతాది. అప్పుడు పోవాల" అనింది.

అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. "నువ్వు పుట్టింది కానుగ పూత రాలేటప్పుడు. ఇంటి ముందర నేలంతా పూతే. ఊడ్చినా మళ్ళీ రాలేది" అని. మిత్రులారా, బడి రికార్డులో నా పుట్టినరోజు జూన్ 1. కానుగ పూత రాలేది ఏప్రిల్‌లో. మన హాస్టలు రిజిస్టరులో జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. బడిలో చేర్చేటప్పుడు తేదీ తెలియక ఏదో ఒకటి రాయించిన వాళ్ళం మనలో చాలామంది ఉన్నాం. మనం పుట్టిన రోజు మన పెద్దవాళ్ళకి తెలియక కాదు. వాళ్ళకి తెలిసిన లెక్కకి రిజిస్టరులో గడి లేదు. అంతే.

వాసన లేని పువ్వు

తెలుగు క్లాసులో సార్ ఒకసారి పాత సుభాషితం ఒకటి చెప్పారు. చదువు లేని మనిషి మోదుగ పువ్వు లాంటివాడట. చూడ్డానికి బాగుంటాడు గానీ వాసన ఉండదట. అప్పుడు అందరం రాసుకున్నాం. పరీక్షలో వస్తే కూడా రాస్తాం.

కానీ అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆ మాట గుర్తుకొచ్చింది. మోదుగ పువ్వు చిలక ముక్కు ఆకారంలో ఉంటుంది. దాని అడుగున తేనె ఉంటుంది. ఆ తేనె కోసం గోరింకలు, తేనెపిట్టలు, ఉడతలు కూడా వస్తాయి. పక్షిని పిలవాలంటే వాసన కంటే రంగు మేలు. అందుకే ఆ చెట్టు వాసన జోలికి పోకుండా రంగు మీద పెట్టింది. మోదుగ ఆకులతో విస్తళ్ళు కుడతారు, పూలతో హోలీ రంగు చేస్తారు. ఇన్ని పనులు చేసే చెట్టుకి వాసన ఒక్కటి లేదని చిన్నచూపు ఎందుకు? సుభాషితం రాసినాయన చదువు గొప్పదని చెప్పడానికే అట్లా రాశాడు, నేను కాదనను. చదువు కోసమే గదా మనం ఇల్లు వదిలి ఇక్కడ ఉన్నాం. కానీ మా అవ్వకి చదువు లేదు కాబట్టి ఆమె దగ్గర ఏమీ లేదంటే మాత్రం ఒప్పుకోను.

జపాన్ సంగతి ఇంకొకటి ఉంది. క్యోటో అనే నగరంలో సకురా పూలు ఏ ఏడాది ఎప్పుడు పూశాయో 9వ శతాబ్దం నుంచి రాతలు దొరుకుతున్నాయి. రాజుల కొలువుల్లో ఉన్నవాళ్ళు, సన్యాసులు తమ డైరీల్లో రాసుకున్నవి. ఈ కాలపు శాస్త్రవేత్తలు ఆ డైరీలన్నీ వెతికి లెక్క తీశారు. 2021లో అక్కడ మార్చి 26కే పూలు పూర్తిగా విచ్చుకున్నాయి. 1200 ఏళ్ళ రాతల్లో అప్పటిదాకా అంత ముందుగా ఎప్పుడూ పూయలేదు. భూమి వేడెక్కుతున్నది అనడానికి అదొక సాక్ష్యం అయింది. పువ్వు పూసిన తేదీ రాసిపెట్టిన మనుషులు, అది ఇంత పనికొస్తుందని అనుకుని ఉంటారా?

అవ్వ దగ్గర కూడా అట్లాంటి లెక్కే ఉంది. కాకపోతే ఆమె తలలో ఉంది, కాగితం మీద లేదు. "ముందు కాలంలో ఊడుగ ఇంత తొందరగా పూసేది కాదు" అని అవ్వ అంటుంది. ఎన్ని రోజులు ముందు అంటే చెప్పలేదు. రాసిపెట్టే పని మనది. ఆమెకి లేనిది మన దగ్గర ఉంది, మన దగ్గర లేనిది ఆమెకి ఉంది.

అసలు సంగతి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మోదుగ, కొండగోగు బాగా పూసేది ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో. ఆ రోజుల్లో మన హాస్టల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు.

మన వైపు వరికోతలు అప్పుడే. కోతలైన మళ్ళల్లో ఎలుకలు పట్టడానికి మనవాళ్ళని పిలుస్తారు. పరిగ ఏరుకోవడానికి చిన్నపిల్లలు కూడా పోతారు. రొయ్యల గుంటల కాడ కావలి పని ఉంటుంది. ఇటుక బట్టీలకి పోయే కుటుంబాలు పిల్లల్ని కూడా తీసుకుపోతాయి. "అమ్మకి బాగలేదు, రెండు రోజుల్లో వస్తాను" అని చెప్పి పెట్టె సర్దుకుంటారు. రెండు రోజులు వారం అవుతుంది. వారం నెల అవుతుంది. పోయిన సంవత్సరం మా తరగతిలో అట్లా పోయినవాళ్ళు ఐదుగురు. పరీక్షలకి ముగ్గురు వచ్చారు. మిగతా ఇద్దరి పెట్టెలు జూన్ దాకా వరండాలో ఉండి, ఆ తర్వాత ఎవరో వచ్చి తీసుకుపోయారు. నా పక్క చాప వాడు ఆ ఇద్దరిలో ఒకడు. వాడు బొమ్మలు బాగా వేసేవాడు. నిరుడు ఈ గోడపత్రికకి అంచుల్లో తీగలు గీసింది వాడే.

వాళ్ళ అమ్మానాన్నలని నేను తప్పు పట్టను. పని ఉన్న నాలుగు రోజులు చేసుకోకపోతే పని లేని రోజుల్లో తినేది ఏమిటి? కానీ పిల్లవాడు వెనక్కి రావడానికి ఏదో ఒకటి ఉండాలి గదా. పరీక్ష ఉంది రమ్మంటే భయపడి రానివాళ్ళు ఉన్నారు. విహారయాత్ర ఉంది, నీ పేరు లిస్టులో ఉంది, నువ్వు లేకపోతే బస్సు కదలదు అంటే వస్తాడేమో!

విహారయాత్ర డిసెంబరులో పెట్టుకుంటే సెలవులకి సెలవు కలుస్తుంది, అంతే. మార్చి మొదటి ఆదివారం పెడితే, సరిగ్గా బెంచీలు ఖాళీ అయ్యే వేళకి ఒక కారణం దొరుకుతుంది. వచ్చినవాడు సోమవారం బడిలోనే ఉంటాడు. ఇంకో రెండు వారాల్లో ఒంటిపూట బడులు, ఆపైన పరీక్షలు. పదో తరగతి అన్నలకి మాత్రం మార్చిలో పబ్లిక్ పరీక్షలు. వాళ్ళు రావడానికి ఇష్టపడితే ఫిబ్రవరి చివరి ఆదివారం అయినా సరే. కానీ చివరి మాట చెట్టుది. మన క్లాసులో రాపూరు వైపు మిత్రులు ఉన్నారు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు మొగ్గ పగలగానే వార్డెన్ సార్‌కి ఫోన్ చేస్తామన్నారు. ఆ ఫోన్ వచ్చాక వచ్చే ఆదివారమే మన ప్రయాణం.

ఒక కాగితం కావాలి

గుడి దాకా ఎవరైనా పోవచ్చు. కోన లోపలికి, అడవి దారిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. అది అభయారణ్యం, పైగా ఎర్రచందనం ఉన్న అడవి. దొంగతనాల వల్ల కాపలా గట్టిగా ఉంటుంది. ఉండాలి కూడా.

కానీ మనకి ఆ కాపలా అంటే భయం. మా మామ ఒకసారి తేనె కోసం పోతుంటే దారిలో ఆపి, సంచి వెతికి, సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. సంచిలో సద్దికూడు, కొడవలి తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత ఆయన అడవి వైపు పోవడమే మానేశాడు.

ఈ అనుమానం ఇప్పటిది కాదు. బ్రిటిషువాళ్ళ కాలంలో నేరస్థ జాతుల చట్టం అని ఒకటి ఉండేది. యానాదుల్లో, ఎరుకల్లో ఎంతోమందిని, ఏ తప్పూ చేయకపోయినా, పుట్టుకతోనే దొంగల లిస్టులో రాశారు. మన నెల్లూరు ప్రాంతం పెద్దాయన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం చాలా ఏళ్ళు పాటుపడ్డారు. మనవాళ్ళ గురించి 1962లో పుస్తకం కూడా అచ్చు వేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది.

అందుకని వార్డెన్ సార్‌కి నా మనవి ఏమిటంటే, అనుమతి కోసం రాసే ఉత్తరంలో మన అందరి పేర్లూ రాయండి. ఎందుకు వస్తున్నారు అన్న చోట "పూలు చూడడానికి" అని రాయండి. స్టాంపు వేసిన కాగితం మీద మన పేర్ల పక్కన ఆ మాట ఉంటే చూడాలని నాకు కోరికగా ఉంది.

ప్రయాణం లెక్క

పొద్దున 6 గంటలకి బయల్దేరితే ఎండ ముదరక ముందే కోన చేరవచ్చు. నెల్లూరులో బస్సు మారాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. కాబట్టి మా అవ్వకి, వంట చేసే అక్కలకి ఖర్చు ఉండదు. అబ్బాయిలకే చార్జీలు. నేను అవ్వని ఊరికే తీసుకురమ్మనడం లేదు. దారి చూపించడానికి, చెట్టు పేరు చెప్పడానికి ఒక మనిషి కావాలి. పట్నం వాళ్ళు గైడుకి డబ్బులిస్తారు. అవ్వ తమలపాకులు, వక్కలు చాలంటుంది. అయినా ఒక రోజు కూలి ఇవ్వడం న్యాయం. తలా కొంచెం వేసుకుందాం.

పులిహోర పొట్లాలు ఇక్కడే కట్టుకుపోదాం. ఒక్కొక్కరికి రెండు సీసాల నీళ్ళు ఉండాలి. కాళ్ళకి చెప్పులు, తలకి తువ్వాలు తప్పనిసరి. చెట్టు మీది పువ్వు కోయకూడదు. కింద రాలినవి కావలసినన్ని ఉంటాయి, నోట్సులో పెట్టుకోవచ్చు. అగ్గిపెట్టె తేవద్దు. మార్చిలో ఎండుటాకులు మోకాలు లోతు ఉంటాయి, ఒక్క పుల్ల చాలు కొండ తగలబడడానికి. తేనెపట్టు కనపడితే రాయి వేయద్దు, గట్టిగా అరవద్దు.

ఇప్పటి నుంచే చేయాల్సింది

ఈ వ్యాసం కింద గళ్ళు గీసిన కాగితం ఒకటి అంటించాను. మొదటి గడిలో చెట్టు పేరు, రెండో గడిలో ఎక్కడ చూశారు, మూడో గడిలో ఏ తేదీన మొదటి పువ్వు కనపడింది, నాలుగో గడిలో ఎవరు చూశారు. కాలవ గట్టు మీద కానుగ, గేటు బయట వేప, సముద్రం వైపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు అయితే జీడిమామిడి పూత, ఏదైనా రాయండి. ఆదివారం ఇంటికి పోయినవాళ్ళు మీ అవ్వనో తాతనో అడిగి, మీరు పుట్టినప్పుడు ఏ చెట్టు పూసిందో కూడా రాసుకు రండి. వెనక వైపు దానికి చోటు వదిలాను.

పక్కనే ఇంకో కాగితం ఉంది. అది విహారయాత్ర లిస్టు. ఇష్టమున్నవాళ్ళు పేర్లు రాయండి. మొదటి రెండు వరసల్లో నేను ఇద్దరి పేర్లు రాసి ఉంచాను. ఎవరివో మా తరగతి వాళ్ళకి తెలుసు. వాళ్ళ ఊరి వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే కబురు చెప్పండి. బస్సులో రెండు సీట్లు ఉన్నాయని, మోదుగ మొగ్గ ఇంకా పగల్లేదని చెప్పండి.

ఇట్లు,
మీ మిత్రుడు,
9వ తరగతి